కారులో హీటరు ఫ్యాను తిరుగనప్పుడు: మరమ్మతుకు ముందు పరీక్ష

యంత్రము చెడినపుడు మన గ్రామములలో సాధారణముగా రెండు మాటలు వినవచ్చును. మొదటిది, "మొత్తము మార్చవలెను" అనునది. రెండవది, "ఇప్పటికి ఒక తీగ చుట్టి నడిపింతము" అనునది. మొదటి మాట వలన ధన నష్టము కలుగును. రెండవ మాట వలన ఒక్కొక్కప్పుడు ప్రాణ నష్టము సైతము కలుగును. ఈ రెంటికిని నడుమ మరియొక మార్గము కలదు. చెడినది ఏదో, ఎందువలన చెడినదో పరీక్షించి తెలిసికొని, ఆ పిమ్మట దానిని మాత్రమే బాగుచేయించుటయే ఆ మార్గము. దీనిని నేర్చుకొనుటకు మనము ఈ పాఠములో ఒక చిన్న వస్తువును తీసికొందము. అది కారు లోపల గాలి విసరు ఫ్యాను. దీనినే హీటరు ఫ్యాను అనియు, బ్లోయరు అనియు మెకానిక్కులు పిలుతురు.

పంచాయతీ సభ్యులకు ఈ విషయముతో ఏమి పని యని కొందరు అడుగవచ్చును. పంచాయతీకి స్వంత కారు ఉండుట అరుదే. కాని సభ్యులు కార్యాలయ పనులకై అద్దె కార్లలో పట్టణములకు పోవుచుందురు. రోగులను, గర్భిణీ స్త్రీలను రాత్రివేళ ఆసుపత్రికి చేర్చవలసి వచ్చినపుడు గ్రామములోని ఎవరి కారునో అడుగుదురు. మరమ్మతు బిల్లులను మంజూరు చేయు బాధ్యత కూడ వారిదే. కారు ఫ్యానునకు చెప్పిన పరీక్షలే పంచాయతీ ట్రాక్టరు దీపములకును, చిన్న మార్పులతో మంచినీటి పంపు మోటారునకును వర్తించును. కావున ఒక చిన్న వస్తువును చక్కగా గ్రహించినచో పెద్ద వస్తువుల సంగతి తెలియుటకు దారి యేర్పడును.

ఫ్యాను చేయు పని

మన ప్రాంతములో ఎండాకాలమే దీర్ఘము. కారులో వేడిగాలి అవసరమగు దినములు కొలది మాత్రమే. అందుచేత హీటరు చెడిన నేమి నష్టమని చాలమంది ఉపేక్షింతురు. ఇది పొరపాటు. చల్లని గాలిని, వేడి గాలిని లోపలికి పంపునది ఒక్కటే ఫ్యాను. అది నిలిచినచో ఎండాకాలములో చల్లదనము రాదు, చలికాలములో వెచ్చదనము రాదు. అంతకంటె ముఖ్యమైన మరియొక పని దానికి కలదు. ముందరి అద్దము మీద పట్టు మంచును, ఆవిరిని తొలగించునది కూడ ఆ ఫ్యానే.

కారులో నలుగురు కూర్చుండి తలుపులు మూసికొన్నపుడు వారి ఊపిరిలోని తేమ గాలిలో చేరును. బయట చలిగా నున్నపుడు అద్దము చల్లబడి యుండును. తేమ గల గాలి ఆ చల్లని అద్దమును తాకగనే సన్నని నీటి బిందువులుగా మారును. చల్లని నీటితో నిండిన చెంబుపై చెమ్మ పట్టుటకును కారణమిదియే. డ్రైవరు గుడ్డతో తుడిచినను అది మరల పట్టును. తుడుచుటకై ఒక చేయి చక్రమును విడువవలసి యుండును, కన్ను బాట నుండి తప్పును. ఫ్యాను అద్దము మీదికి వెచ్చని పొడి గాలిని పంపినచో చెమ్మ కొలది నిమిషములలో ఆరిపోవును. వేడితోబాటు శీతలీకరణ యంత్రమును కూడ నడిపినచో మరింత త్వరగా ఆరును. ఏలననగా ఆ యంత్రము గాలిలోని తేమను నీరుగా తీసివేయును. కావున ఈ ఫ్యాను సుఖమునకు మాత్రమే కాదు, చూపునకును అవసరమైన పరికరము.

విద్యుత్తు నడచు దారి

కాలువ నీరు తూము నుండి బయలుదేరి పొలమునకు చేరునట్లు, విద్యుత్తు బ్యాటరీ నుండి బయలుదేరి ఫ్యానునకు చేరును. తేడా యొక్కటి కలదు. పొలమునకు చేరిన నీరు తిరిగి రానక్కర లేదు. విద్యుత్తు మాత్రము తిరిగి బ్యాటరీకి చేరు దారి యున్ననే ప్రవహించును. కారులో ఆ తిరుగు దారి చాలవరకు బండి యొక్క ఇనుప శరీరమే. దీనిని మెకానిక్కులు ఎర్తు అందురు.

కారు బ్యాటరీ సాధారణముగా 12 వోల్టులది. దాని నుండి బయలుదేరిన విద్యుత్తు మొదట ఫ్యూజు గుండ పోవును. పిదప అనేక బండ్లలో రిలే అను చిన్న పెట్టె గుండను, తరువాత వేగమును మార్చు స్విచ్చి, రెసిస్టరు, మోటారుల గుండను పోయి ఎర్తునకు చేరును. కొన్ని బండ్లలో స్విచ్చి, రెసిస్టరు మోటారునకు ముందుండును. మరికొన్నింట మోటారునకు తరువాత, ఎర్తు వైపున ఉండును. పరీక్షించువారు ఈ భేదమును మరువరాదు.

రెసిస్టరు అనగా విద్యుత్తునకు అడ్డు కల్పించు తీగచుట్ట. నాలుగు వేగములు గల ఫ్యానులో మొదటి మూడు వేగములకును విద్యుత్తు ఈ చుట్టల గుండ పోవును. ఎక్కువ చుట్టలు దాటినచో ఫ్యాను మెల్లగా తిరుగును, తక్కువ చుట్టలు దాటినచో వేగముగా తిరుగును. నాలుగవ వేగములో విద్యుత్తు చుట్టలను తాకక నేరుగా మోటారునకు పోవును. ఈ ఒక్క సంగతి జ్ఞాపకముంచుకొన్నచో సగము పరీక్ష పూర్తియైనట్లే. వాతావరణమును తానే సరిచేసికొను కొత్త కార్లలో ఈ చుట్టలకు బదులు ఎలక్ట్రానిక్ పరికర మొకటి వేగమును మార్చును.

రెసిస్టరు పని చేయునపుడు వేడెక్కును. అందుచేత దానిని ఫ్యాను విసరు గాలికి ఎదురుగా అమర్తురు. గాలి దానిని చల్లబరచుచుండును. గాలి తగ్గినచో అది మితిమీరి వేడెక్కి కాలిపోవును. అనగా కాలినది రెసిస్టరే యైనను తప్పు దానిది కాకపోవచ్చును. ఈ మాట మీదికి మనము మరల వత్తము.

ఒక ఉదాహరణము

జనవరి మాసములో ఒక గ్రామము నుండి నలుగురు సభ్యులు అద్దె కారులో తెల్లవారక మునుపే హైదరాబాదునకు బయలుదేరిరనుకొందము. ఒకరికి నాంపల్లి క్రిమినలు కోర్టులలో వాయిదా కలదు. తక్కిన వారు పని ముగించుకొని నుమాయిషు చూడదలచిరి. 1938లో పబ్లిక్ గార్డెన్సులో ఆరంభమైన ఆ ప్రదర్శన పిదప నాంపల్లిలోని నేటి మైదానమునకు మారినది. సాధారణముగా జనవరి 1వ తేదీ నుండి ఫిబ్రవరి 15వ తేదీ వరకు అది జరుగును. ఆ దినములు చలి దినములే. బాటలో కారు అద్దము మసకబారినది. డ్రైవరు ఫ్యాను మొదటి వేగమున పెట్టగా తిరుగలేదు. రెండవ, మూడవ వేగములందును తిరుగలేదు. నాలుగవ దానిలో మాత్రము పెద్ద శబ్దముతో తిరిగినది. సభ్యులు అట్లే నడిపించుకొని క్షేమముగా నగరము చేరిరి.

నాంపల్లి రైలు స్టేషను 1907లో ఏర్పడినది. దాని ముందటి బాట తూర్పుగా అబిడ్సునకు పోవును. నడచి పోదగినంత దూరమే. ఆ పరిసరములలో కారును నిలిపి, ఒక మెకానిక్కును పిలిచిరనుకొందము. అతడు బోనెట్టు తెరువక మునుపే, "మోటారు పోయింది సారూ, కొత్తది వేయాలె" అని చెప్పెను. సభ్యులలో ఒకరు, "ఉస్తాద్, నాలుగో నంబరు మీద ఫ్యాను తిరుగుతున్నది కదా, మోటారు పోతే అది ఎట్ల తిరుగుతది?" అని యడిగిరి.

ఆ ప్రశ్న సరియైనది. నాలుగవ వేగమున తిరుగుచున్నదనగా బ్యాటరీ, ఫ్యూజు, మోటారు, ఎర్తు పనిచేయుచున్నవనుట స్పష్టము. చెడినది మొదటి మూడు వేగములకు మాత్రమే సంబంధించినదై యుండవలెను. అది రెసిస్టరు, లేక దానికి పోవు తీగల కూడలి, లేక స్విచ్చి. ఎక్కువసారులు రెసిస్టరే. మోటారు వెలతో పోల్చినచో రెసిస్టరు వెల స్వల్పము. ఒక్క ప్రశ్న అడిగినందువలన పెద్ద ఖర్చు తప్పినది.

అయినను పని ఇంతటితో ముగియలేదు. రెసిస్టరు ఎందుకు కాలినది? దానిని విప్పి చూడగా, పక్కనున్న గాలి వడపోత దుమ్ముతోను, ఎండుటాకులతోను నిండి యున్నదనుకొందము. గాలి తగ్గుటచే రెసిస్టరు చల్లబడక కాలినది. వడపోతను మార్చక రెసిస్టరును మాత్రము మార్చినచో కొలది కాలమునకే అదియు కాలును. నాంపల్లి కోర్టులలో విచారణ లేనిదే ఎవనిని దోషిగా నిర్ణయింపరు. దొరికిన సాక్షిని దోషియని భావింపరు. యంత్రములోను అట్లే. కాలిన వస్తువు సాక్షి మాత్రమే. దోషి యెక్కడనో వెదకవలెను.

క్రమముగా చేయు పరీక్ష

పరీక్షకు ముందు కొన్ని జాగ్రత్తలు అవసరము. ఇంజనును మూసిన గదిలో నడుపరాదు. పొగలోని కార్బను మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు, అది ప్రాణము తీయును. ఫ్యానును పరీక్షించుటకు ఇంజను నడువనక్కర లేదు, తాళమును త్రిప్పి విద్యుత్తు వచ్చునట్లు చేసిన చాలును. ఏదైన భాగమును విప్పునపుడు మాత్రము తాళము తీసి, బ్యాటరీ ఋణ కొనను విడదీసి, కొలది నిమిషములు ఆగవలెను. ఎడమవైపు డ్యాషుబోర్డులో ప్రమాద సమయమున ఉబ్బు గాలిసంచి ఉండును. దాని తీగలు సాధారణముగా పసుపుపచ్చ తొడుగుతో నుండును. వానిని ముట్టరాదు. విద్యుత్తుతో నడుచు కార్లలో నారింజ రంగు తీగలు మిక్కిలి హెచ్చు వోల్టుల విద్యుత్తును మోయును. అట్టి బండిని శిక్షణ పొందినవారికే అప్పగింపవలెను.

ఇక పరీక్షా క్రమమును చూతము.

1. మొదట అన్ని వేగములను ఒకదాని తరువాత ఒకటి పెట్టి చూడవలెను. పైవేగము ఒక్కటే పనిచేసినచో రెసిస్టరును చూడవలెను. ఏ వేగమును పనిచేయకున్నచో ఫ్యూజు నుండి ఆరంభింపవలెను.

2. ఫ్యూజు ఏ స్థానములోనున్నదో ఫ్యూజు పెట్టె మూతపై గాని, బండితో వచ్చిన పుస్తకములో గాని చూపబడి యుండును. దానిని తీసి వెలుతురున చూచినచో లోపలి తీగ తెగినదా లేదా తెలియును. కార్లలో విరివిగా వాడు రేకు ఫ్యూజులకు రంగుల గుర్తులు కలవు. 10 ఆంపియర్లది ఎరుపు, 15 ఆంపియర్లది నీలము, 20 ఆంపియర్లది పసుపు, 30 ఆంపియర్లది ఆకుపచ్చ. తెగినదానికి బదులు అదే రంగు, అదే సంఖ్య గలది మాత్రమే పెట్టవలెను.

3. ఫ్యూజు బాగున్నచో రిలేను చూడవలెను. పెట్టెలో సరిగా అట్టిదే మరియొక రిలే యున్నచో రెండింటిని మార్చి పెట్టి చూచిన సందేహము తీరును.

4. తరువాత మోటారు వద్ద విద్యుత్తు వచ్చుచున్నదో లేదో టెస్టు ల్యాంపుతో చూడవలెను. ఇది 12 వోల్టుల చిన్న బల్బునకు రెండు తీగలు తగిలించిన సాధనము. పైవేగము పెట్టి, మోటారునకు వచ్చు ప్లగ్గులోని రెండు మొనలకు దీపపు రెండు కొనలను తాకింపవలెను. దీపము ప్రకాశముగా వెలిగినచో వచ్చు దారియు, పోవు దారియు బాగున్నవి, చెడినది మోటారే. వెలుగకున్నచో ఒక కొనను బండి ఇనుమునకు తగిలించి మరల చూడవలెను. అప్పుడు వెలిగినచో విద్యుత్తు వచ్చుచున్నది గాని తిరిగి పోవు దారి తెగినదని అర్థము. వేగము ఎలక్ట్రానిక్ పరికరముతో మారు బండ్లలో ఈ దీపమును వాడరాదు.

5. మోటారుపై స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తట్టినపుడు కొంతసేపు తిరిగి మరల ఆగినచో లోపలి బొగ్గు బ్రష్షులు అరిగినవని గ్రహింపవలెను. అట్టి మోటారు ఎక్కువ కాలము నిలువదు.

6. విద్యుత్తు విడదీసి ఫ్యాను చక్రమును చేతితో త్రిప్పి చూడవలెను. అది తేలికగా తిరుగవలెను. బిగుసుకొని యున్నచో ఆకులు, కాగితపు ముక్కలు, ఎలుక గూడు ఏదైన అడ్డుపడి యుండవచ్చును. గ్రామములలో కొంతకాలము కదలక నిలిచిన కార్లలో ఎలుకలు చేరుట సామాన్యము. అవి తీగలను కూడ కొరుకును.

7. చివరిగా ప్లగ్గులను, తీగల కూడలులను చూడవలెను. ప్లాస్టిక్కు కరిగిన గుర్తు గాని, నల్లని మచ్చ గాని, కాలిన వాసన గాని ఉన్నచో ఆ కూడలిని తప్పక మార్చవలెను.

వదులు కూడలి ఎంత అపాయకరమో చిన్న లెక్కవలన తెలిసికొందము. ఫ్యాను 15 ఆంపియర్ల విద్యుత్తును తీసికొనుచున్నదనుకొందము. ప్లగ్గు వదులగుటచే అక్కడ ఒక ఓములో పదవ వంతు, అనగా 0.1 ఓము అడ్డు ఏర్పడినది. అప్పుడు ఆ చోట నష్టమగు వోల్టులు 1.5. అక్కడ పుట్టు వేడి 22.5 వాట్లు. రేడియోలు బాగుచేయువారు సీసము కరగించుటకు వాడు చిన్న కడ్డీ 25 వాట్లది. అనగా మన ప్లగ్గు లోపల అట్టి కడ్డీ నొక దానిని వెలిగించి ఉంచినట్లే. ఫ్యూజు దీనిని ఆపదు. ఏలననగా తీగలో పోవు విద్యుత్తు హెచ్చలేదు, ఒక చోట వేడి మాత్రమే హెచ్చినది. కావున ఫ్యూజు బాగున్నదని నిశ్చింతగా నుండరాదు. కంటితోను, ముక్కుతోను కూడ పరీక్షింపవలెను.

ఫ్యూజునకు బదులు తీగ కట్టరాదు

ఫ్యూజు మరల మరల తెగుచున్నదనుకొందము. అప్పుడు కొందరు హెచ్చు సంఖ్య గల ఫ్యూజు పెట్టుదురు. మరికొందరు రాగితీగను గాని, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితమును గాని చుట్టి పెట్టుదురు. ఫ్యాను తిరుగును, అందరును సంతోషింతురు. కాని ఫ్యూజు తెగుట చెడుపు కాదు, అది హెచ్చరిక. మోటారు బిగుసుకొని గాని, తీగ తొడుగు చినిగి ఇనుమును తాకి గాని హెచ్చు విద్యుత్తు పోవుచున్నదని అది తెలుపుచున్నది. కావలివానిని తొలగించినచో దొంగ లేడనుకొనుట ఎంత అవివేకమో ఇదియు అంతియే. ఫ్యూజు తెగవలసిన చోట తెగకున్నచో డ్యాషుబోర్డు వెనుక తీగ కాలును.

నిప్పు విషయమున నాంపల్లి రెండు పాఠములను నేర్పినది. 2019 జనవరి 30వ తేదీ రాత్రి నుమాయిషులో అగ్ని చెలరేగి అనేక దుకాణములు బూడిదయ్యెను. విద్యుత్ తీగల దోషమే కారణమని అనుమానింపబడినది. 2023 నవంబరు 13వ తేదీన నాంపల్లిలోని బజార్ ఘాట్ వద్ద ఒక నివాస భవనములో నిప్పు పుట్టి తొమ్మిది మంది ఆనాడే ప్రాణములు కోల్పోయిరి. భవనము క్రింది భాగమున కారు మరమ్మతు జరుగుచుండగా లేచిన నిప్పురవ్వ అక్కడ నిలువచేసిన రసాయనముల పీపాలకు అంటుకొన్నదని అధికారుల ప్రాథమిక విచారణలో చెప్పబడినది. ఆ కారు దోషము ఏదైనను మనము నేర్చుకొనవలసినది ఒక్కటే. మరమ్మతు చేయు చోట పెట్రోలు, రంగులు, రసాయనములు నిలువ యుండరాదు. మనుష్యులు నిదురించు ఇంటి క్రింద బండ్ల మరమ్మతు జరుగరాదు. మన గ్రామములలో కూడ వెల్డింగు పనియు, ట్రాక్టరు మరమ్మతును ఇండ్ల నడుమనే జరుగుచుండుట చూచుచున్నాము. పంచాయతీ వారు ఒక్కసారి వీధుల వెంట నడచి అట్టి స్థలములను చూచి, డీజిలు పీపాలను వేరు చోటికి మార్పించి, ఇసుక బకెట్లను ఉంచునట్లు చేసినచో ఒక పెద్ద ఆపదను తప్పించినవారగుదురు.

ఫ్యాను తిరిగినను గాలి వేడి కానిచో

ఒక్కొక్కప్పుడు ఫ్యాను చక్కగా తిరుగును, కాని వచ్చు గాలి చల్లగనే యుండును. ఇది ఫ్యాను దోషము కాదు. పెట్రోలు, డీజిలు బండ్లలో వేడి ఇంజను నుండి వచ్చును. ఇంజనును చల్లబరచు నీరు అక్కడి వేడిని గ్రహించి, డ్యాషుబోర్డు వెనుకనున్న చిన్న రేడియేటరు గుండ పారును. ఫ్యాను దాని మీదుగా గాలిని పంపును. కావున ఆ నీరు తగ్గినను, వేడిని క్రమపరచు థర్మోస్టాటు తెరచుకొని నిలిచిపోయినను, వేడి చల్లని గాలులను కలుపు లోపలి తలుపు కదలకున్నను గాలి వెచ్చబడదు. నీరు తగ్గుట ఇంజనునకే అపాయము. ఇంజను వేడిగా నున్నపుడు రేడియేటరు మూతను ఎన్నడును తెరువరాదు. మరుగు నీరు ఎగసి ముఖమును కాల్చును. చల్లారిన పిదపనే చూడవలెను. కారు లోపల తీయని వాసనయు, అద్దముపై జిడ్డు పొరయు కనబడినచో ఆ చిన్న రేడియేటరు కారుచున్నదని ఊహింపవచ్చును.

కొనుగోలు చేయునపుడు

అబిడ్సు నగరములోని పాత వ్యాపార కేంద్రములలో ఒకటి. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను కొలువులోనుండిన ఆల్బర్ట్ ఆబిదు ఇక్కడ నడిపిన దుకాణము వలన ఈ ప్రాంతమునకు ఆ పేరు వచ్చినది. అబిడ్సు నుండి కోఠీ వైపు పోవునపుడు ట్రూపు బజారు వచ్చును. ఇండ్లకు, పంపులకు కావలసిన విద్యుత్ సామానునకు అది పేరుపడినది. ఇక్కడ జాగ్రత్త అవసరము. ఇంటి విద్యుత్తు 230 వోల్టులది, కారు విద్యుత్తు 12 వోల్టులది. ఇంటికి వాడు ఫ్యూజు తీగను గాని, స్విచ్చిని గాని కారునకు వాడరాదు. వోల్టులను కొలుచు మీటరు, తీగలను కత్తిరించు పటకారు వంటి పనిముట్లను మాత్రము అట్టి దుకాణములలో కొనవచ్చును. కారు విడిభాగములకు ఆ కంపెనీ అధీకృత దుకాణమునకు గాని, మోటారు విడిభాగములకు పేరుపొందిన సికింద్రాబాదులోని రాణీగంజి వంటి బజారునకు గాని పోవుట మేలు.

కొనుటకు పోవునపుడు పాత భాగమును చేత పట్టుకొని పోవలెను. బండి పేరు, తయారైన సంవత్సరము, భాగముపై ముద్రించిన సంఖ్యను వ్రాసికొనవలెను. ఒకే కారులో చేతితో మార్చు హీటరుకును, తానే సరిచేసికొను హీటరుకును వేరువేరు భాగములు ఉండును. ప్లగ్గు మొనల సంఖ్య, ఆకారము సరిపోవుచున్నవో లేదో దుకాణములోనే సరిచూచుకొనవలెను. విద్యుత్ భాగములను అమర్చిన పిదప తిరిగి తీసికొనుటకు దుకాణదారులు సాధారణముగా అంగీకరింపరు.

పంచాయతీ లెక్కలలో ఈ పాఠము

తెలంగాణలో 2019 తరువాత పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు సమకూరినవి. చెత్త సేకరణకును, మొక్కలకు నీరు పోయుటకును అవి ఉపయోగపడినవి. ట్రాక్టరునకు కారు వంటి హీటరు సాధారణముగా ఉండదు. కాని బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్చి, ఎర్తు అను నాలుగును ఉన్నవి. రాత్రి వెనుక దీపము వెలుగని ట్రాలీని వెనుకనుండి వచ్చు మోటారు సైకిలు గుద్దుకొనుట వలన ఎందరో మరణించుచున్నారు. ఆ దీపము వెలుగకుండుటకు కారణము అనేక సారులు తుప్పు పట్టిన ఎర్తు గాని, వదులైన ప్లగ్గు గాని అగును. పైన చెప్పిన టెస్టు ల్యాంపుతో దానిని కొలది నిమిషములలో కనుగొనవచ్చును. దానికి కావలసినది గరుకు కాగితముతో రుద్ది బిగించుట మాత్రమే.

పంచాయతీ ధనము ప్రజల ధనము. అందుచేత మరమ్మతు బిల్లును ఆమోదించుటకు ముందు సభ్యులు ఈ విషయములను చూడవలెను. బండికి ఏ చెడుపు కనబడినది? ఏ పరీక్ష చేసి కారణమును తెలిసికొనిరి? ఏ భాగమును మార్చిరి? పాత భాగమును తిరిగి ఇచ్చిరా? సామాను వెల, కూలి వేరువేరుగా చూపబడినవా? వీనిని బండి పుస్తకములో తేదీతో వ్రాయించవలెను. "విద్యుత్ మరమ్మతు" అని మాత్రము వ్రాసిన బిల్లు దేనిని తెలుపదు. "వెనుక దీపము వెలుగలేదు, ఎర్తు తీగ తుప్పు పట్టినది, శుభ్రపరచి బిగింపబడినది" అని వ్రాసినచో తరువాత వచ్చు సర్పంచునకును, లెక్కలు తనిఖీ చేయువారికిని, మరల అదే చెడుపు వచ్చినపుడు మెకానిక్కునకును అది ఉపయోగించును.

ఇట్లు అడుగుట మెకానిక్కును అవమానించుట కాదు. మంచి పనివాడు తన పరీక్షను చూపుటకు సంతోషించును. మన గ్రామములోని యువకులలో ఒకరిద్దరిని ఐటీఐలో మోటారు మెకానిక్కు గాని, విద్యుత్ పని గాని నేర్చుటకు ప్రోత్సహించినచో ఊరిలోనే ఈ పరీక్షలు చేయగలవారు ఏర్పడుదురు. చిన్న చెడుపునకై బండిని పట్టణమునకు పంపు ఖర్చు, ఆ దినములలో చెత్త సేకరణ నిలిచిపోవు ఇబ్బంది తప్పును.

చర్చకు ప్రశ్నలు

ఈ పాఠమును చదివిన పిదప సభ్యులు తమ తదుపరి సమావేశమున ఈ క్రింది ప్రశ్నలను చర్చింపవచ్చును.

1. ఫ్యాను నాలుగవ వేగమున మాత్రమే తిరిగినచో మోటారును మార్చవలసిన పని ఎందుకు లేదు?

2. కొత్త రెసిస్టరు కొలది దినములకే కాలినచో మరి యే భాగములను పరీక్షింపవలెను?

3. ఫ్యూజు బాగున్నను వదులు ప్లగ్గు వలన నిప్పు ఎట్లు పుట్టగలదు?

4. మన గ్రామములో ఇండ్ల నడుమ మరమ్మతులు జరుగు స్థలములు ఎన్ని? అచ్చట మండు పదార్థములు ఎక్కడ నిలువ యున్నవి?

5. పంచాయతీ ట్రాక్టరు, ట్రాలీ దీపములు అన్నియు ఈ రాత్రి వెలుగుచున్నవా?

ఈ ఐదింటిలో చివరి ప్రశ్నకు సమాధానము సమావేశ మందిరములో కూర్చుండి చెప్పజాలము. బయటికి వచ్చి, బండి వద్ద నిలిచి, ఒక్కొక్క దీపమును వెలిగించి చూడవలెను. పరీక్ష అనునది అచ్చటనే ఆరంభమగును.